తాగనివాడికి లివర్ జబ్బేమిటంటూ ఇంట్లో గొడవ

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పోయిన నెల ఇన్సూరెన్సు పాలసీ కోసం రక్తపరీక్షలు చేయిస్తే, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములట, ఎస్‌జీపీటీ 96, ఎస్‌జీఓటీ 54 వచ్చాయి. స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. రిపోర్టు ఇచ్చిన కుర్రాడు "రోజూ వేస్తారా సార్?" అనడిగాడు, అదీ మా ఆవిడ పక్కనుండగా! నేను సంక్రాంతికి బావమరుదులతో కూర్చుని రెండు పెగ్గులు పుచ్చుకుంటాను, ఏడాది మొత్తానికి అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో మనశ్శాంతి లేదు. యార్డు నుంచి రాగానే నోరు వాసన చూస్తోంది. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 78 కిలోలు. ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు, మూడు నెలల షుగరు 6.1, రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 260. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. కరోనా అప్పటి నుంచి పొద్దున్నే ఒక చెంచా తిప్పతీగ పొడి. పాతికేళ్లుగా మిర్చి ఘాటులోనే బతుకుతున్నాను, అదేమైనా లివర్‌ని కాల్చేసిందంటారా?
— పేరు వద్దన్న పాఠకుడు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: ముందు ఈ పేజీ మీ ఆవిడ చేతికివ్వండి. అమ్మా, రోజూ తాగి లివర్ పాడుచేసుకున్నవాళ్లలో మామూలుగా ఎస్‌జీఓటీ ఎక్కువుంటుంది, ఎస్‌జీపీటీకి రెట్టింపు దాకా పోతుంది. మీ ఆయన రిపోర్టులో లెక్క తిరగబడి ఉంది. దీన్ని సర్టిఫికెట్టులా ఫ్రేము కట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే లివర్ బాగా గట్టిపడ్డాక తాగనివాళ్లలోనూ ఎస్‌జీఓటీయే పైకొస్తుంది. కానీ ఆయన చెప్పిన మాటకీ ఈ అంకెలకీ పొత్తు కుదిరింది. నోరు వాసన చూడటం మాని, టేపు తెచ్చి బొడ్డు ఎత్తున నడుము కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే అనుమానించాల్సింది ఆ పొట్టనే.

నేనింత గట్టిగా ఆయన పక్షం వహించడానికి ఒక కారణం ఉంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా దగ్గరికి ఒక లారీ క్లీనరు వచ్చేవాడు. ఎస్‌జీపీటీ ఎప్పుడు చూసినా ఎనభై, తొంభై. లారీ మీద తిరిగేవాడు తాగకుండా ఉంటాడా అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. వచ్చినప్పుడల్లా "ముందు మానెయ్యి, తర్వాత మందులు" అని కసిరి పంపాను. ఏడాదిన్నర తర్వాత పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచి వచ్చాడు. అప్పుడు రాశాను హెపటైటిస్ సి అనే లివర్ వైరస్‌కి పరీక్ష. పాజిటివ్. 1994లో యాక్సిడెంటయితే రెండు సీసాల రక్తం ఎక్కించారట. దాతల రక్తానికి ఆ పరీక్ష మన దేశంలో తప్పనిసరి అయ్యింది 2001లో. ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి, చుక్క ముట్టడు. నేను అడగనే లేదు. అడిగినా నమ్మి ఉండేదాన్ని కాదు.

అందుకని ఇప్పుడు ఎవరి ఎస్‌జీపీటీ పెరిగినా హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ రాసిన తర్వాతే మిగతా మాటలు మాట్లాడతాను. మీరు ఇంకా చేయించలేదు, ఈ వారంలో చేయించండి. చిన్నపిల్లల టీకాల్లో హెపటైటిస్ బి దేశమంతటా చేరింది 2011లో, మీ తరానికి అది అందలేదు. పుట్టేటప్పుడు తల్లి నుంచో, మంగలి కత్తి నుంచో, సరిగ్గా మరిగించని పాతకాలపు సూది నుంచో వచ్చి, ముప్ఫై ఏళ్లు చప్పుడు చేయకుండా కూర్చోగలదు. బి ఉంటే మందులతో అదుపులో పెట్టవచ్చు. సి అయితే 12 వారాలు మాత్రలు మింగితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మాత్రలు ఉచితం. నా క్లీనరుకి ఆ రోజుల్లో ఆ మాత్రలు లేవు.

ఆ రెండూ నెగటివ్ అని వస్తే, మీ బరువూ షుగరూ ట్రైగ్లిజరైడ్లూ చూస్తే నాకు తోచేది మామూలు ఫ్యాటీ లివరే. నెయ్యి తింటేనే లివర్‌కి కొవ్వు పడుతుందని మనవాళ్ల నమ్మకం. వాడకానికి మించి వచ్చిన చక్కెరని లివర్ తానే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. యార్డులో సీజన్లో రోజుకెన్ని టీలు తాగుతారో మీరు రాయలేదు. ఎనిమిది అనుకుందాం, గ్లాసుకి రెండు చెంచాలంటే పదహారు చెంచాల పంచదార. ఆపైన ఎండకి తట్టుకోలేక ఒక కూల్‌డ్రింకు, ఇంటికొచ్చాక గోంగూరతో అన్నం కలిపితే ఎంత పోతుందో కంచానికి కూడా తెలియదు. గోంగూర జోలికి నేను పోను, అన్నం మాత్రం సగానికి తగ్గించండి.

ఈ జబ్బు పాత ఇంగ్లీషు పేరులో "ఆల్కహాల్ వల్ల కానిది" అన్న అర్థం ఉండేది. 2023లో ప్రపంచ దేశాల లివర్ డాక్టర్లు ఆ మాట తీసేసి, ఒంట్లో షుగరు, కొవ్వుల లెక్క తప్పడం వల్ల వచ్చేదన్న అర్థంతో కొత్త పేరు పెట్టారు. పేరులో తాగుడు మాట ఉన్నంతకాలం రోగిని జనం వంకరగా చూస్తున్నారన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. మీ ఇంటి గొడవ వాళ్లకి ముందే తెలిసినట్టుంది.

గ్రేడ్ 2 అంటే సగం లివర్ పోయిందని బెంగపడకండి. ఆ గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది, లివర్ గట్టిపడిందా లేదా అన్నది చెప్పదు. దానికి కాగితం మీద చేసుకునే లెక్క ఒకటుంది. మీ వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల వేలతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. నేను వేసి చూశాను, 1.1 వచ్చింది. 1.3 లోపుంటే గట్టిపడటం ముదిరి ఉండే అవకాశం తక్కువ. ఏడాదికోసారి ఈ లెక్క మళ్లీ వేయించండి, పెరిగితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. బరువు ఐదున్నర కిలోలు తగ్గితే లివర్‌లో వాపు తగ్గుతుంది, ఎనిమిది తగ్గితే మరీ మంచిది. నెలకి రెండు కిలోలు మించి తగ్గొద్దు. సంక్రాంతి పెగ్గులు కూడా ఈసారి బావమరుదులకే వదిలేయండి.

ఇక తిప్పతీగ. ఇది ఈరోజే ఆపండి. కరోనా కాలంలో దీన్ని వాడినవాళ్లలో లివర్ వాచిన కేసుల్ని ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు, తర్వాత దేశంలో మరికొన్ని ఆసుపత్రులవాళ్లూ రాశారు. కొందరిలో ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీదకి తిరగబడింది. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన వాళ్లది. నా బల్ల మీద 96 అన్న అంకె ఉన్నప్పుడు నేను వాదన తేలేదాకా ఆగను. "ఏమేం మందులు వాడుతున్నారు" అంటే మనవాళ్లు చూర్ణాలూ కషాయాలూ లెక్కలోకి తీసుకోరు, అవి మందులు కావన్నట్టు. జిమ్ పొడులు, బరువు తగ్గించే గ్రీన్‌టీ గుళికలు, పసుపు గుళికలు, భస్మాలు అన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు గుమ్మరించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. పొడి ఆపిన ఆరు వారాలకి ఎస్‌జీపీటీ మళ్లీ చూపించండి. అప్పటికీ దిగకపోతే థైరాయిడ్ పరీక్ష, ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడిందేమో చెప్పే ఆటోఇమ్యూన్ పరీక్షలు చూద్దాం.

మిర్చి ఘాటు లివర్‌ని కాల్చదు, తుమ్ములు మాత్రం మీ ఖర్మ. భయపడాల్సింది వానకి తడిసి బూజు పట్టిన కాయకి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అన్న విషం లివర్ క్యాన్సర్‌కి ఒక కారణం, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన వేరుశనగపప్పూ అంతే. తాలు కాయలు చవగ్గా వచ్చాయని ఇంటి కారానికి తీసుకెళ్లే అలవాటుంటే మానుకోండి.

ప్రశ్న: మాది మేనరికం. బాబుకి 15 ఏళ్లు. రెండేళ్లలో రెండుసార్లు పచ్చకామెర్లు వస్తే పసరు పోయించాం, తగ్గాయి. ఈమధ్య చేతిరాత గజిబిజిగా మారింది, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. చదువు మీద శ్రద్ధ లేదని వాళ్ల నాన్న కొడుతున్నారు.
— ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: కొట్టడం ఆపించి, రేపే లివర్ డాక్టరుకి చూపించమ్మా. కామెర్లు, వణుకు, చేతిరాత, మేనరికం... ఈ నాలుగూ కలిస్తే ముందు చూడాల్సింది విల్సన్ జబ్బు. తిండిలోని రాగిని లివర్ బయటికి పంపలేక తనలోనూ మెదడులోనూ పోగేసుకుంటుంది. రక్తంలో రాగిని మోసే ప్రోటీను సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి చూస్తారు. కంటి డాక్టరు స్లిట్‌ల్యాంప్‌తో నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం ఉందేమో వెతుకుతారు. తేలితే జీవితాంతం మందులు వాడాలి, ముందుగా మొదలుపెడితే పిల్లాడు మామూలుగా చదువుకుంటాడు. తోడబుట్టినవాళ్లకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, బాగానే ఉన్నా పరీక్ష చేయించాలి. ఆరోగ్యమని రాగి చెంబులో నీళ్లు తాగిస్తుంటే ఆ చెంబు పైన అటక మీద పెట్టేయండి. పసరు ఇంక వద్దు.

ప్రశ్న: నాకు ఫ్యాటీ లివర్ అని తెలిశాక మా అబ్బాయి కాఫీ మానమంటున్నాడు. రోజుకు రెండు గ్లాసుల ఫిల్టరు కాఫీ నా ప్రాణం.
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మానక్కర్లేదు. కాఫీ తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. పంచదార తీసేయండి చాలు. నాకూ గ్రేడ్ 1 ఉంది, చక్కెర లేని కాఫీ అలవాటవడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం కషాయంలాగే ఉంటుంది, మీ అబ్బాయి మీద విసుక్కోకండి.