చంద్రుడి అవతలి వైపు రేడియో రొద లేకుండా చూసే పనికి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. చంద్రుడి అవతలి వైపు రేడియో ఖగోళ పరిశోధనకు ఆటంకం రాకుండా చూసే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉందా? ఏం చదివించాలి?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ఆ పేరుతో పోస్టు లేదండీ, పని మాత్రం ఉంది. తొలి నక్షత్రాలు పుట్టకముందటి హైడ్రోజన్ సంకేతం 1420 మెగాహెర్ట్జ్‌లో బయల్దేరి, విశ్వం వ్యాకోచించడంతో ఇప్పుడు 50 మెగాహెర్ట్జ్ లోపుకు దిగిపోయింది. భూమ్మీద దాన్ని పట్టనివ్వకుండా ఐనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర), మన ప్రసారాలు అడ్డుపడతాయి. అవతలి వైపున మన ప్రసారాలకు చంద్రుడే అడ్డుగోడ. అక్కడ ఖగోళ పరిశీలనకు హాని చేసే ప్రసారాలను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల 22వ ఆర్టికల్ నిషేధించింది. అయితే అంతరిక్ష పరిశోధనకు అవసరమైన కొన్ని బ్యాండ్లకు మినహాయింపు ఉంది. 2019లో అక్కడ దిగిన చైనా చాంగే-4 కూడా సిగ్నల్‌ను మధ్యలో అందుకుని పంపే రిలే ఉపగ్రహం ద్వారానే భూమితో మాట్లాడింది. ఇక అక్కడికి వెళ్లే అంతరిక్ష నౌకల సంఖ్య పెరిగితే రొద పెరక్క మానదు.

కావాలని పంపే సిగ్నల్ కన్నా సర్క్యూట్ల నుంచి కారే రొదతోనే తిప్పలు ఎక్కువ. 2023లో యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోపు స్టార్‌లింక్ ఉపగ్రహాల నుంచి అలాంటి లీకేజీనే పట్టింది. ఇంట్లోనే చూపించండి: మీడియం వేవ్ రేడియోను స్టేషన్ లేని చోటికి తిప్పి, చవక ఎల్ఈడీ బల్బు దగ్గరకు తెస్తే బుర్రుమంటుంది. బల్బులోని డ్రైవర్ సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. దాని హార్మోనిక్స్, అంటే ఆ వేగానికి రెట్లలో పుట్టే తరంగాలు, రేడియోలోకి దూరతాయి. ఫిల్టర్, రొదను పీల్చే ఫెరైట్, లోహపు కవచంతో దాన్ని అణచడమే ఈఎంసీ (పరికరాల రొద ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసే విద్య) ఇంజినీరు పని.

అందుకే నా ఓటు ఈసీఈకి. అందరూ సీఎస్ఈ అంటున్నారని మారకండి. యాంటెన్నాలు, మైక్రోవేవ్, ఈఎంసీ మీద పట్టు సాధిస్తే చంద్రుడి పని దొరక్కపోయినా హైదరాబాద్‌లో డీఎల్ఆర్ఎల్ (రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల), ఈసీఐఎల్ లాంటి చోట్ల ఆ చదువుకు విలువ ఉంటుంది. నిబంధనల వైపు వెళ్లాలంటే యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ రాసి ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీసులో చేరాలి, పోస్టులు తక్కువ. పరిశోధనే కావాలంటే పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్ఏ, బెంగళూరులోని రామన్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చంద్రుడి కక్ష్య నుంచి ఇలాంటి సంకేతం వినేందుకు ప్రతుష్ అనే పరికరాన్ని రూపొందిస్తున్నారు. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి ఏ పౌనఃపున్యంలో ఎంత సిగ్నల్ ఉందో చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ చూపించమనండి. ఉందంటే సరిపోదు, విద్యార్థుల చేత వాడిస్తున్నారో లేదో సీనియర్లను అడగండి.