హైటెక్ మిలటరీ బండిని దగ్గరగా చూసినప్పుడు జనం ఏం చేస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: డ్రైవరు లేకుండా దూరం నుంచి నడిపే సాయుధ వాహనాన్ని మీ సంస్థ ప్రదర్శనలో పెడుతోంది. దాని పక్కన నిలబడి వివరించే పని మీ మీద పడింది. జనం మురిసిపోతారా, భయపడతారా, నవ్విపోతారా అని అడుగుతున్నారు.

మూడూ చేస్తారు. ఒకే మనిషి అయిదు నిమిషాల్లో మూడూ చేయడం నేను చూశాను. ఇలాంటి వాహనాల మీద బిగించే రిమోట్ గన్‌కి కెమెరాలు, కంట్రోళ్లు తయారుచేసే టీమ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ప్రదర్శన అనగానే "నువ్వయితే బాగా మాట్లాడతావు" అంటూ నన్నే ముందుకి తోసేవారు. రోజంతా ఎండలో నిలబడటానికి ఇంకెవరూ ఒప్పుకోకపోవడమే అసలు కారణం.

మీరు సెన్సర్ల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి బట్టీపట్టి వెళ్తారు. వాళ్లు అడిగేది మైలేజీ. "లీటరుకి ఎంతిస్తుంది?" అన్నది దాదాపు ప్రతి గుంపులోంచీ వచ్చేది. మా బండి వివరాలు చెప్పకూడదని పైనుంచి ఆంక్ష ఉండేది కాబట్టి అమెరికా వాళ్ల ఎబ్రామ్స్ ట్యాంకు లెక్క చెప్పేవాణ్ణి. అందులో 1,500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్ ఇంజిను ఉంటుంది. సుమారు 1,900 లీటర్లు నింపితే రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తుంది. అంటే కిలోమీటరుకే నాలుగు లీటర్లకు పైన. అది విన్నాక వాళ్ల మొహాలు చూడాలి! తర్వాత వచ్చేవి లోపల ఏసీ ఉంటుందా, అవసరం వస్తే బాత్రూమ్ ఎలా అన్న ప్రశ్నలు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. బ్రిటిష్ ట్యాంకుల్లో సెంచూరియన్ అనే పాత ట్యాంకు కాలం నుంచీ లోపలే నీళ్లు కాచుకునే ఏర్పాటు ఉందని చెబితే, టీ కోసమేనా అని నవ్వుతూ ఇంకాస్త దగ్గరికి వస్తారు. అలా అడిగేవాళ్లు మనసులో అప్పటికే ఆ బండెక్కి కూర్చున్నట్టు లెక్క.

ఇక అసలు విషయం. మా స్టాల్లో వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా తెరని జనం వైపు తిప్పి పెట్టేవాళ్లం. పిల్లలకు అదే పండగ. పక్కనున్న చెక్క గోడకి అరచేయి ఆనించి తీసేస్తే, తెర మీద ఆ చేతి గుర్తు తెల్లగా మెరిసి మెల్లగా మాసిపోతుంది. అది చూడటానికి మళ్లీ మళ్లీ లైన్లో నిలబడేవారు. ఒకసారి మా సహోద్యోగి హుషారు కొద్దీ ఆటో ట్రాకింగ్, అంటే కదిలేదాని వెంట గన్ దానంతటదే తిరిగే ఏర్పాటు, ఆన్ చేశాడు. గన్‌లో తూటాలేమీ లేవు, ఆ సంగతి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. ఎదురుగా ఉన్న ఒకాయన ఎడమకి జరిగితే గొట్టం ఎడమకి తిరిగింది. ఆయన నవ్వాడు. కుడికి జరిగాడు, అదీ జరిగింది. ఈసారి నవ్వలేదు. పక్కనున్న కూతుర్ని చెయ్యి పట్టుకుని తన వెనక్కి లాక్కున్నాడు. ఇంకో మాట మాట్లాడకుండా ఇద్దరూ వెళ్లిపోయారు. చేతి గుర్తులు చూపించి నవ్వించిందీ అదే కెమెరా.

అందుకే నా ఉద్దేశంలో జనం టెక్నాలజీకి స్పందించరు. ఆ గొట్టం ఎటు తిరిగి ఉంది, తాము దానికి వెనక ఉన్నారా ముందున్నారా అన్నదానికి స్పందిస్తారు.

దీనికి ఎమ్‌ర్యాప్ అనే, బాంబు దెబ్బల్ని తట్టుకునే సైనిక వాహనాలు మంచి ఉదాహరణ. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులకు సైనికులు చనిపోతుంటే, అమెరికా 2007 నుంచి వీటిని ఆగమేఘాల మీద తయారుచేయించింది. మొత్తం 27 వేలకు పైగా కొన్నారు. అడుగుభాగం ఇంగ్లిష్ 'వీ' అక్షరంలా ఉంటుంది కాబట్టి కింద పేలిన బాంబు దెబ్బ రెండు పక్కలకీ చీలిపోతుంది, లోపలివాళ్లు బతికిపోతారు. సైనికుల ఇళ్లలోవాళ్లకి అది ప్రాణదాత. యుద్ధం తగ్గాక మిగిలిన వాటిలో కొన్ని అమెరికాలోనే పోలీసులకు చేరాయి. 2014లో అక్కడి ఫెర్గుసన్ అనే ఊళ్లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి యువకుడు చనిపోయాక గొడవలు జరిగాయి. నిరసనకారుల ఎదుట సాయుధ వాహనాలు నిలబడిన దృశ్యాలు చూసి దేశమంతా ఉలిక్కిపడింది. మరుసటేడు ఒబామా ప్రభుత్వం పోలీసులకు సైనిక సామగ్రి ఇవ్వడం మీద ఆంక్షలు పెట్టింది. 2017లో ట్రంప్ వాటిని ఎత్తేశారు. అలాంటి బండినే సైనికుడి తల్లి ఒకలా చూసింది, వీధిలో ప్లకార్డు పట్టుకున్నవాడు ఇంకోలా చూశాడు. ఇద్దరిదీ తప్పు కాదు.

నాలుగు కాళ్ల రోబోల విషయంలోనూ ఇంతే. 2015లో బోస్టన్ డైనమిక్స్ వాళ్లు, ఎంత నిలదొక్కుకుంటుందో చూపడానికి తమ రోబోని కాలితో తన్నే వీడియో పెడితే "పాపం, దాన్నెందుకు తంతారు" అని బాధపడ్డవాళ్లు బోలెడుమంది. 2021 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సైనిక ప్రదర్శనలో వేరే కంపెనీ అలాంటి రోబో వీపు మీదే రైఫిల్ బిగించి చూపించింది. జాలి అక్కడితో ఆవిరి! ఏడాది తర్వాత బోస్టన్ డైనమిక్స్‌తో సహా ఆరు కంపెనీలు తమ మామూలు రోబోలకు ఆయుధాలు బిగించబోమని బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

వెటకారం సంగతి వేరు. అది గొప్పలు చెప్పుకున్నదాన్ని బట్టి ఉంటుంది. 2015 మే నెలలో మాస్కో రెడ్ స్క్వేర్‌లో పరేడ్ రిహార్సల్ జరుగుతుండగా, రష్యా కొత్త ట్యాంకు టీ-14 ఆర్మాటా నడిమధ్యలో ఆగిపోయింది. కాసేపటికి తనంతట తానే కదిలి వెళ్లింది కూడా. అది ఎవరికి గుర్తుంది? ప్రపంచంలోకెల్లా గొప్పది అని ఊదరగొట్టకపోయి ఉంటే అంత నవ్వేవారు కాదు. మీ బోర్డు మీద "అత్యాధునిక", "అజేయ" లాంటి మాటలుంటే ఇప్పుడే కొట్టేయించండి.

మురిపెం కూడా ఎల్లకాలం ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1917 నవంబరులో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ట్యాంకుని నిలబెట్టి యుద్ధ బాండ్లు అమ్మారు, అంటే యుద్ధ ఖర్చుకి జనం దగ్గర అప్పు తీసుకున్నారు. దాన్ని ముట్టుకుని చూడటానికే జనం ఎగబడ్డారు. తర్వాత ట్యాంకులు ఊరూరా తిరిగాయి. యుద్ధం అయ్యాక, డబ్బు బాగా పోగుచేసిన ఊళ్లకి బహుమతిగా 260కి పైగా ట్యాంకులిచ్చారు. కొన్నేళ్లకే వాటి మోజు తీరిపోయింది, చాలావరకు తుక్కు కింద పోయాయి. ఆష్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒకటి మిగిలింది. దాని లోపల కరెంటు సబ్‌స్టేషన్ పెట్టుకున్నారు, అందుకే దాన్ని ఎవరూ పీకెయ్యలేదు.

మీకు పనికొచ్చేవి కొన్ని చెప్తాను. గొట్టాన్ని పైకెత్తి, జనం లేని వైపుకి తిప్పి లాక్ చేయించండి. ఆటో ట్రాకింగ్ చూపించి తీరాలంటే ఎదురుగా అట్టబొమ్మని నడిపించండి, మనుషుల్ని వద్దు. "కాల్చాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారు?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు, ఎక్కువగా కాలేజీ పిల్లలు. దానికి మీ పైవాళ్ల దగ్గర ముందే స్పష్టమైన జవాబు తీసుకోండి. ఆ ఒక్క ప్రశ్నకి నీళ్లు నమిలితే మిగతావేవీ నమ్మరు. దూరంగా చేతులు కట్టుకుని నిలబడే మాజీ సైనికులు ఉంటారు, వాళ్లని మీరే పలకరించండి. ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) ఊడితే బురదలో ఎవరు బిగిస్తారు అని వాళ్లు అడిగే ప్రశ్నలు మీ ఇంజినీర్లక్కూడా అవసరమే.

ఇంకొకటి. ఇంజిను ఆపాక కూడా సైలెన్సర్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పిల్లలు బండెక్కడానికి ముందుగా చెయ్యి వేసేది దాని మీదే. ప్రదర్శన మొదలవకముందే దాని చుట్టూ అడ్డు కట్టించండి.