మీ చెల్లి కోపం వెనక ఉన్నది భయమండి

మీ చెల్లికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (మనవాళ్లు వదిలేస్తారేమోనన్న భయం, అదుపు తప్పే ఉద్వేగాలు ఉండే మానసిక జబ్బు) అని, ఫోన్ ఎత్తకపోతే "నువ్వూ వదిలేశావు" అని అరుస్తుందని రాశారు. అమలాపురంలో ఉన్న మా అక్కదీ ఇదే జబ్బండి. పంటు మీద గోదావరి దాటేసరికి నా ఫోన్‌లో ఇరవై మిస్డ్ కాల్స్ ఉండేవి. "ఇంతకీ ఏమైందని" అంటూ వాదించినన్నాళ్లూ గొడవ పెరిగిందే కానీ తగ్గలేదు. ఇప్పుడు "భయమేసిందా అక్కా, ఏడింటికి చేస్తా" అంటాను, సరిగ్గా ఏడింటికే చేస్తాను, అన్నిటికంటే అదే పనిచేసింది. తిట్లు మొదలైతే "అరగంటాగి మాట్లాడదాం" అని చెప్పి పెట్టేయండి, చెప్పకుండా మాత్రం వద్దు. మందులు ఒక్కటే చాలవు, డీబీటీ థెరపీ (ఉద్వేగాల్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే మాటల చికిత్స) గురించి డాక్టర్ని అడగండి. చచ్చిపోతానంటే బెదిరింపు అనుకోకండి, పక్కనే ఉండండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ముందు తీసేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.