ఇద్దరూ కలిసి రాసిన కాగితం ఉంటే హత్య కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కావలికి దగ్గర్లో ఒక పల్లె. మా పెదనాయనకు 76 ఏళ్లు, పెద్దమ్మకు 71. నాలుగేళ్ల కిందట పెద్దమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో ఉన్నారు. ఉన్న రెండెకరాల మాగాణి కౌలుకిచ్చి, ఆమెకు అన్ని సేవలూ పెదనాయనే చేసేవారు. పోయిన నెలలో ఒకరోజు తెల్లవారేసరికి పెద్దమ్మ చనిపోయి ఉంది, ఆయన స్పృహ లేకుండా పడి ఉన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆయన బతికారు. "ఇద్దరం ఇష్టపడే పోతున్నాం, పిల్లలను ఇబ్బంది పెట్టవద్దు" అని రాసిన కాగితం దొరికింది. దాని మీద ఆయన సంతకం, పెద్దమ్మ వేలిముద్ర ఉన్నాయి. పోలీసులు హత్య కేసు పెట్టారు. ఆత్మహత్యాయత్నం ఇప్పుడు నేరం కాదంటున్నారు కదా, ఈ కేసు ఎలా నిలుస్తుంది? పిల్లలిద్దరూ రాజీకి సిద్ధంగా ఉన్నారు, కుదురుతుందా? బెయిల్ వస్తుందా? ఇల్లు పెద్దమ్మ పేరున ఉంది, అది ఎవరికి వస్తుంది? ఇంకొక్క మాట. మా అమ్మకు పార్కిన్సన్స్ జబ్బు. మా నాన్న కూడా ఈమధ్య "నేను పోతే దీన్ని ఎవురు చూస్తారు, పొయ్యేటప్పుడు దీన్నీ తీసకపోతా" అంటున్నాడు.

జవాబు: మీరు చివర రాసిన మాటనే అన్నిటికంటే ముందు పట్టించుకోవాలి. దాని వివరం కింద రాస్తాను గాని, ఈ జవాబు చదవడం పూర్తయ్యేలోపే మీ నాన్నగారి దగ్గర ఒక మనిషి ఉండేట్టు చూడండి. ఇంట్లోనూ కొట్టంలోనూ ఉన్న పురుగుమందు డబ్బాలను, వాడగా మిగిలిన మందుబిళ్లలను ఆయనకు అందుబాటులో లేకుండా మరొక చోటికి చేర్చండి.

ఇక కేసు సంగతి. ఆత్మహత్యాయత్నం గురించి మీరు విన్నది చాలావరకు నిజమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేసేందుకు ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రం సెక్షన్ 226 కింద నేరమవుతుంది. దానికి ముందే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, అతనికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. కాబట్టి మీ పెదనాయన గారు తన ప్రాణం తీసుకోబోయినందుకు ఆయన మీద కేసు ఉండదు. ఉన్న కేసు మీ పెద్దమ్మ గారి మరణానికి సంబంధించింది. తన ప్రాణం విషయంలో మనిషికి చట్టం చూపిన దయ, పక్కనున్న మనిషి ప్రాణం విషయంలో వర్తించదు. వారిద్దరూ యాభై ఏళ్లు కాపురం చేసిన ఆలుమగలైనా అంతే.

కోర్టు మొదట చూసేది ఆ పని ఎవరి చేతితో జరిగిందన్నది. ఆమె తన చేతితో తానే ప్రాణం తీసుకుని, ఆయన అందుకు ప్రోత్సహించడమో సాయపడటమో చేసి ఉంటే అది ఆత్మహత్యకు ప్రేరేపణ. సెక్షన్ 108 కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆయన చేతితోనే జరిగి ఉంటే సెక్షన్ 103 కింద హత్య అవుతుంది, దానికి యావజ్జీవం కంటే తక్కువ శిక్ష లేదు. నాలుగేళ్లుగా కుడిచేయి ఎత్తలేని మనిషి విషయంలో మొదటి వాదన నిలబెట్టడం కష్టమని మీకు ముందే చెప్పడం నా ధర్మం. ఇంగ్లండులో కలిసి చనిపోవాలని ఒప్పుకున్నవారిలో బతికి బయటపడినవారి కోసం 1957 నాటి చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. మన దగ్గర అలాంటిది లేదు.

అయితే మనకు వేరే దారి ఒకటి ఉంది, ఈ కేసు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. హత్యకు నిర్వచనం చెప్పే సెక్షన్ 101లో అయిదో మినహాయింపు ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తి తన మరణానికి తానే సమ్మతిస్తే, అది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. అప్పుడు సెక్షన్ 105 వర్తిస్తుంది. ఉద్దేశపూర్వకంగా చేసినదైతే యావజ్జీవమో, అయిదేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు జైలుశిక్షో పడుతుంది. 1950ల చివర్లో పాట్నా హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పరీక్షలో మూడోసారి తప్పిన ఒక యువకుడు చచ్చిపోతానంటే, చదువుకున్న అతని భార్య ముందు నన్ను చంపి తర్వాత నువ్వు చావమన్నది. అతను ఆమెను చంపాడు, తాను చనిపోకముందే దొరికిపోయాడు. ఆమె తెలిసే ఒప్పుకున్నదని నమ్మి ఆ కోర్టు ఈ మినహాయింపును వర్తింపజేసి అయిదేళ్ల శిక్షతో సరిపెట్టింది.

మీ కేసుకూ దానికీ మధ్య ఉన్న తేడా ఆ వేలిముద్రలో ఉంది. పాట్నా కేసులో ఆమె నోటితో అడిగింది. మీ పెద్దమ్మ గారికి మాట లేదు. వేలిముద్ర ఎడమ బొటనవేలిదా, పడిపోయిన కుడిచేతిదా అన్నది దర్యాప్తు అధికారి మొదట అడిగే ప్రశ్న. కుడిచేతిదైతే ఆ వేలిని సిరా డబ్బా మీదికి, అక్కడినుంచి కాగితం మీదికి తెచ్చింది మరొకరి చెయ్యే అవుతుంది. ఎడమచేతిదైనా, కాగితంలో ఏముందో ఆమెకు చదివి వినిపించారా, విన్నది అర్థమయ్యే స్థితిలో ఆమె ఉందా అన్నది తేలాలి. ఎందుకంటే సెక్షన్ 28 ప్రకారం, భయంతోనో పొరపాటు అవగాహనతోనో ఇచ్చినదీ, విషయం గ్రహించలేని స్థితిలో ఇచ్చినదీ సమ్మతి కాదు. పక్షవాతం వచ్చినవారిలో మాట పోయినా అర్థం చేసుకునే శక్తి నిలిచి ఉన్నవారు ఉంటారు, అదీ దెబ్బతిన్నవారూ ఉంటారు. ఆమెకు చికిత్స చేసిన న్యూరాలజిస్టు రికార్డులు, ఫిజియోథెరపీ కాగితాలు ఈ విషయంలో ఆ రాసిపెట్టిన కాగితం కంటే ఎక్కువ విలువైనవి. ఆమె తల ఊపి అవును కాదు అని చెప్పేదా, ఇంటికి వచ్చినవారిని గుర్తుపట్టేదా, ఎప్పుడైనా చావాలన్న కోరికను సైగతో చెప్పిందా అన్న సంగతులు ఇరుగుపొరుగు, పనిమనిషి చెప్పాలి, అదీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "ఇద్దరం" అని రాసిన కాగితాలు నేను వృత్తిలో కొన్ని చూశాను. వాటిలో చాలావాటిని రాసిన చెయ్యి ఒక్కటే. చట్టం అనుమానంగా చూసేది అందుకే, ఆ అనుమానం అన్యాయమని నేను అనుకోను.

ఆయన ఆ సమయంలో మతిస్థిమితం లేకుండా ఉన్నారని వాదించవచ్చా అంటే, సెక్షన్ 22 ఉంది. కాని తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితి ఉంటేనే ఆ రక్షణ దక్కుతుంది, రుజువు చేయాల్సిన భారం ముద్దాయిదే. నిద్రలేమి, కుంగుబాటు, విసుగు ఎంత ఉన్నా సాధారణంగా అది సరిపోదు. అయినా ఆయనకు వెంటనే సైకియాట్రిస్టు పరీక్ష చేయించమని వకీలు చేత కోర్టును అడిగించండి. ఒంగోలులో ఒక వాయిదా రోజు, ఇలాంటి కేసులోనే, బోనులో ఉన్న ముసలాయనను జడ్జిగారు ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే, "అయ్యా, పొద్దెక్కింది, దానికి గంజి పట్టాల" అన్నాడు. భార్య పోయి అప్పటికి ఏడు నెలలైంది. ముద్దాయి తన కేసును తాను అర్థం చేసుకుని వాదించుకోలేని స్థితిలో ఉంటే విచారణను ఆపి చికిత్సకు పంపే ఏర్పాటు, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. దాన్ని వాడుకోవాలంటే వైద్యుడి నివేదిక తప్పనిసరి.

రాజీ కుదరదు. హత్య గాని, 105 కింది నేరం గాని రాజీ చేసుకోదగ్గ జాబితాలో లేవు. కేసు నడిపేది ప్రభుత్వం. పిల్లలు క్షమించామని చెప్పినంత మాత్రాన కేసు పోదు. బెయిల్ దగ్గరా, శిక్ష నిర్ణయించేటప్పుడూ వారి మాట పనికొస్తుంది.

అరవై దాటినవారిని అరెస్టు చేయకూడదన్న మాట ఊళ్లలో తిరుగుతోంది. ఆ రక్షణ మూడేళ్లలోపు శిక్షపడే నేరాలకే ఉంది, అదీ డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదన్నంత వరకే. ఇక్కడ బెయిల్‌కు దారి వేరు. సురక్షా సంహిత సెక్షన్ 480లో రోగులకు, అశక్తులకు ప్రత్యేక వెసులుబాటు ఉంది. సెక్షన్ 483 కింద నెల్లూరు సెషన్స్ కోర్టులో గాని హైకోర్టులో గాని దరఖాస్తు పెట్టవచ్చు. తొంభై రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో జడ్జిగారిని ఆపేది ఆయన పారిపోతాడన్న భయం కాదు, బయటికొచ్చి మళ్లీ అదే ప్రయత్నం చేస్తాడన్న భయం. కాబట్టి ఆయన ఎవరి ఇంట్లో ఉంటారు, రాత్రి తోడుగా ఎవరు పడుకుంటారు, ఏ డాక్టరు చూస్తున్నారు అన్నవి దరఖాస్తులోనే రాయించండి. కూతురు బెంగళూరు నుంచి వచ్చి ప్రమాణపత్రం ఇస్తే దాని బరువు వేరుగా ఉంటుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోయినా, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. ఫోను నంబరు 15100.

పెద్దమ్మకు ఏ వేళకు ఏ మందు వేసిందీ, రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పిందీ ఆయన ఎక్కడైనా రాసిపెట్టుకున్నారేమో వెతకండి. పడకపుండ్లు పడకుండా చూసుకున్న మనిషి ఏదో ఒక పుస్తకంలో రాసుకునే ఉంటాడు, అది పిల్లల పాత నోటుబుక్కు కావచ్చు, పాలవాడి ఖాతా పుస్తకం కావచ్చు. అందులో ఒక్క పేజీ కూడా చించకుండా వకీలు చేతికివ్వండి. నాలుగేళ్లపాటు రాత్రి రెండు గంటలకూ నాలుగు గంటలకూ వేసిన టిక్కులు, చివరి వారాల్లో ఖాళీగా మిగిలిన గళ్లు, ఏ సాక్షీ చెప్పలేనంత చెబుతాయి.

ఊళ్లో కొందరు పిల్లల మీదే కేసు పెట్టాలంటున్నారేమో మీరు రాయలేదు, కాని అనే ఉంటారు. దూరంగా ఉండటం, డబ్బు పంపకపోవడం ప్రేరేపణ కాదు. ప్రేరేపణకు ఉసిగొల్పడమో, కావాలని సాయపడటమో ఉండాలి.

ఇంటి విషయంలో, మీరు హిందువులని, వీలునామా లేదని భావించి చెబుతున్నాను. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం భార్య ఆస్తి భర్తకు, కొడుకుకు, కూతురికి సమానంగా వెళుతుంది. కాని సెక్షన్ 25 ప్రకారం హత్య చేసినవారు హతుల ఆస్తికి వారసులు కాలేరు. ఆమెకంటే ముందే చనిపోయినట్టు భావించి ఆ వాటాను మిగిలినవారికి ఇస్తారు. కేసు 105 కిందికి మారితే ఈ నిషేధం వర్తిస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. తీర్పు వచ్చేదాకా ఇల్లు అమ్మకం పెట్టకపోవడమే మంచిది. పిల్లల వాటాకు ఏ అడ్డూ లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఎవరైనా హత్య చేయబోతున్నారని తెలిసినవారు పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పాలని సురక్షా సంహిత సెక్షన్ 33 అంటుంది. బాధలో అన్న మాటంతా ఉద్దేశం కాదు. కాని తేదీ అనుకోవడం, కాగితాలు సర్దడం, నగలు పంచడం కనిపిస్తే 112కు ఫోన్ చేయడానికి సంకోచించవద్దు. అంతదాకా రాకుండా, ఆయనను ఈరోజే ఎదురుగా కూర్చోబెట్టి, చావాలనిపిస్తోందా, అమ్మను కూడా తీసుకుపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది.

ఆ తర్వాత ఆయన భుజం మీది బరువు దించే పనులు. అమ్మ పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమై ఉంటే, వైకల్య ధ్రువపత్రంతో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి. వారానికి నాలుగు రోజులైనా ఒక ఆయమ్మను పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. మీ అన్నదమ్ములు ఖర్చు పంచుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద నాన్నగారి పేరున కావలి ఆర్డీవో గారి దగ్గరున్న ట్రిబ్యునల్‌కు అర్జీ ఇవ్వవచ్చు. అక్కడ వకీలు అవసరం లేదు. పోషణ నెలకు 10,000 రూపాయలకు మించకుండా ఇప్పించవచ్చు, తొంభై రోజుల్లో తేల్చాలి.

అమ్మకు చివర్లో వెంటిలేటరు, గొట్టాలు వద్దన్నది ఆయన అసలు భయమైతే, దానికి చట్టబద్ధమైన దారి ఉంది. 2018లో సుప్రీంకోర్టు అంగీకరించి, 2023లో సులువు చేసిన ముందస్తు వైద్య నిర్దేశ పత్రాన్ని, అమ్మకు తెలివి స్పష్టంగా ఉండగానే, ఇద్దరు సాక్షుల ఎదుట, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించేట్టు రాయించవచ్చు. ఆమె మాట ఆమెదే అయి ఉండాలి. చేయి వణికి సంతకం కుదరకపోతే, నాన్నగారు ఆ గదిలో లేనప్పుడు, నోటరీయే ఆమెను అడిగి, ఆమె జవాబు విని, వేలిముద్ర తీసుకునేట్టు చూడండి.