ఆర్థికవేత్త, పరిశోధకులు, సలహాదారు: ఎవరిని ఏమని రాయాలి?

సందేహం: మాది ఆర్థిక విధానాలను అధ్యయనం చేసే సంస్థ. ఇక్కడ పనిచేసేవారి పరిచయాలను తెలుగులో అచ్చువేసే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి ప్రతిలో ‘మా ఆర్ధిక విధాన పరిశోధనా సంస్థలోని ఆర్ధికవేత్తలు’ అని శీర్షిక పెట్టాను. ఆ కింద ఒకరిని ‘ఆర్ధికవేత్తురాలు’ అనీ, మరొకరిని ‘సలహాదారుడు’ అనీ, ఊళ్లలో సర్వే చేసి వచ్చేవారిని ‘క్షేత్ర దర్యాప్తుదారులు’ అనీ రాశాను. చూసిన పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆర్థికవేత్త, అర్థశాస్త్రవేత్త, ఆర్థిక నిపుణుడు అనే వాటిలో ఏది సరైనది? స్త్రీలయితే ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: ముందుగా అక్షరదోషం సంగతి చూద్దాం. మీరు శీర్షికలో రాసిన ‘ఆర్ధిక’ తప్పు, ‘ఆర్థిక’ ఒప్పు. ధనం, ప్రయోజనం, భావం అనే అర్థాలున్న సంస్కృత శబ్దం ‘అర్థ’. దానికి ‘ఇక’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి, ‘ఆర్థిక’ అయింది. సమాజం నుంచి సామాజికం, వర్షం నుంచి వార్షికం వచ్చిన తీరే ఇదీ. ‘అర్ధ’ వేరే మాట, దానికి సగం అని అర్థం. లిపిలో థకారానికీ ధకారానికీ నడుమనున్న చుక్క ఒక్కటే తేడా కావడం, ఉచ్చారణలో ఆ రెండింటినీ విడిగా పలికేవారు తగ్గిపోవడం వల్ల పత్రికలలోనూ బోర్డుల మీదా ‘ఆర్ధిక’ అని కనిపిస్తూ వచ్చింది. ‘విద్యార్ధి’, ‘అభ్యర్ధి’ అని రాయడం కూడా ఇదే కోవలోని తప్పు. ఇతరుల రాతలో దీన్ని చూసీచూడనట్లు పోవచ్చునేమో గాని, మీ సంస్థ రాతలో పోకూడదు. ఎందుకంటే ‘అర్ధ సంవత్సర ఆర్థిక సమీక్ష’ వంటి మాటలు మీ నివేదికలలో తరచు వస్తాయి. అక్కడ మొదటిది సగం, రెండోది ధనానికి సంబంధించినది. రెండింటికీ ఒకే అక్షరం వాడితే ఆ భేదం చదివేవారి ఊహకు వదిలేసినట్లవుతుంది.

ఇక అసలు ప్రశ్న. శాస్త్రం పేరు ‘అర్థశాస్త్రం’. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలకు వాడిన పేరు ఇదే. కౌటిల్యుడి రాజనీతి గ్రంథానికీ ఇదే పేరు ఉన్నందువల్ల ఆధునిక శాస్త్రాన్ని వేరుచేసి చూపడానికి ‘ఆర్థిక శాస్త్రం’ అనేవారున్నారు. అదీ దోషం కాదు. కాబట్టి అర్థశాస్త్రవేత్త, ఆర్థిక శాస్త్రవేత్త, అర్థశాస్త్రజ్ఞుడు అనే మూడూ సాధురూపాలే. ‘ఆర్థికవేత్త’ మీద మాత్రం ఒక ఆక్షేపణ ఉంది. ఆర్థిక అనేది విశేషణం, దేనిని ఎరిగినవాడో ఆ మాట ఇందులో లేదు కదా అని పండితులు కొందరు అంటారు. సంస్కృత సమాసంగా చూస్తే ఆ ఆక్షేపణలో బలం ఉంది. అయితే తెలుగు ఈ పద్ధతిలో ‘రాజకీయవేత్త’ను కూడా చేసుకుంది. రాజకీయ శబ్దం సంస్కృతంలో విశేషణమే. నడిమి మాట జారిపోయి రెండు చివర్లు కలిసిన ఇటువంటి సమాసాలు వాడుకలో స్థిరపడ్డాక వాటిని వెనక్కి లాగవలసిన పని లేదు. ఆర్థికవేత్త అనే మాట నిస్సంకోచంగా రాయవచ్చునని నా అభిప్రాయం.

అయితే మీ శీర్షికలో నాకు ఇంతకన్నా పెద్ద చిక్కు కనిపిస్తున్నది. సంస్థలో పనిచేసే వారందరినీ మీరు ఆర్థికవేత్తలన్నారు. ‘వేత్త’లోని ధాతువు ‘విద్’, అంటే ఎరుగు. ‘పరిశోధక’లోని ధాతువు ‘శుధ్’, దానికి ముందు ‘పరి’ అనే ఉపసర్గ. రెండింటిలోనూ కర్తను తెలిపే ప్రత్యయాలే ఉన్నాయి. ఒకదానిలో తృచ్, మరొకదానిలో ణ్వుల్. పాణిని ఈ రెండింటినీ ఒకే సూత్రంలో విధించాడు. తేడా అంతా ధాతువులోనే ఉంది. వేత్త అన్నప్పుడు ఒక మనిషి ఎరిగిన విద్యను చెబుతున్నాం, పరిశోధకుడు అన్నప్పుడు ఆ మనిషి చేసే పనిని చెబుతున్నాం. ఇంత తేటగా ఉన్న ఈ తేడాను మనం పరిచయపత్రాలలో తరచు కలిపేస్తున్నాం.

మీ ఊళ్లోనే బేగంపేటలో 1980లో నెలకొన్న సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్‌ను చూడండి. అందరూ సెస్ అని పిలుచుకునే ఈ కేంద్రం పేరులోనే ఆర్థికంతో పాటు సామాజికం ఉంది. వ్యవసాయ అర్థశాస్త్రంలో పేరెన్నికగన్న ఆచార్య సి.హెచ్. హనుమంతరావు దాని మూలపురుషులలో ఒకరు. ఆచార్య ఆర్. రాధాకృష్ణ, ఆచార్య ఎస్. మహేంద్రదేవ్ వంటివారు సంచాలకులుగా (డైరెక్టర్లుగా) పనిచేశారు. వీరిని ఆర్థికవేత్తలనడంలో సందేహం లేదు. అయితే ఇటువంటి సంస్థలో పేదరికం గురించి ఒక నివేదిక వెలువడాలంటే అర్థశాస్త్రం చదివినవారితో పాటు గణాంకశాస్త్రం, సమాజశాస్త్రం, జనాభా అధ్యయనం చదివినవారు కూడా పనిచేయాలి. వారిలో గణాంకవేత్త ఉంటారు, సమాజశాస్త్రవేత్త ఉంటారు. వీరందరికీ వర్తించే మాట ‘పరిశోధకులు’ ఒక్కటే. అందుచేత శీర్షికలో పరిశోధకులు అని రాసి, ఎవరి విద్య ఏదో వారి పేరు కింద చెప్పడం న్యాయం.

‘ఆర్థిక నిపుణుడు’ అనే మాటను ఇక్కడ వాడకపోవడమే మేలు. ‘ఆర్థిక’ శబ్దానికి తెలుగులో పని ఎక్కువైపోయింది. ఆర్థిక మంత్రి, ఆర్థిక సంఘం, ఆర్థిక సంవత్సరం, ఆర్థిక వ్యవస్థ, ఆర్థిక ఇబ్బందులు అన్నింటికీ అదే మాట. ఈ రోజుల్లో టీవీలో ‘ఆర్థిక నిపుణుడు’ అంటే పొదుపు, బీమా, షేర్ల గురించి సలహా చెప్పేవారు స్ఫురిస్తారు. దేశంలో పన్నుల భారం ఏ వర్గం మీద ఎంత పడుతున్నదో లెక్కకట్టే వ్యక్తి వారికంటే భిన్నమైన పని చేస్తున్నారు. తెలుగు అకాడమీ పుస్తకాలు ప్రభుత్వ రాబడి, ఖర్చులకు ‘విత్తం’ అనే మాటను నిలబెట్టాయి. ‘ప్రభుత్వ విత్తశాస్త్రం’ చదివినవారికి అది కొత్త కాదు. 1976లో ఢిల్లీలో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్ అండ్ పాలసీ వంటి సంస్థ పరిశోధకుల గురించి రాసేటప్పుడు ‘ప్రభుత్వ విత్త పరిశోధకులు’ అంటే విషయం సూటిగా తెలుస్తుంది.

స్త్రీల విషయానికి వద్దాం. వేత్త, నేత, దాత, వక్త, శ్రోత అనే మాటలు సంస్కృతంలో ఋకారాంతాలు. తెలుగులోకి వచ్చేటప్పుడు ఇవి ‘డు’ ప్రత్యయాన్ని పుచ్చుకోలేదు. పురుషుడిని వేత్తుడు అనం, నేతుడు అనం. పుంలింగపు గుర్తు లేని మాటకు స్త్రీలింగపు గుర్తు తగిలించాల్సిన అవసరం వాడుకకు కలగలేదు. ‘రచయిత్రి’, ‘కవయిత్రి’ వంటి కొన్ని సంస్కృత రూపంతో నిలిచాయి గాని, తక్కినవాటిని ఉభయలింగాలుగానే వాడుతున్నాం. 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డఫ్లో ఆర్థికవేత్త, అదే ఏడాది ఆమెతో పాటు బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ కూడా ఆర్థికవేత్తే. ‘ఆర్థికవేత్తురాలు’ వద్దు.

‘పరిశోధకురాలు’ మాత్రం సలక్షణమైన మాట. కర్మధారయ సమాసంలో తత్సమ పదాలకు స్త్రీ అనే అర్థమున్న ‘ఆలు’ శబ్దం పరమైతే, చివరి అకారం ఉకారమై, రుగాగమం (నడుమ అదనంగా ‘ర్’) వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతున్నది. ధీర, ఆలు కలిసి ధీరురాలు అయినట్లే పరిశోధక, ఆలు కలిసి పరిశోధకురాలు అవుతుంది. విశ్లేషకురాలు, సంచాలకురాలు, అధ్యక్షురాలు, శాస్త్రజ్ఞురాలు అన్నీ ఈ సూత్రానికి లోబడినవే. వ్యాకరణం అనుమతించినా, పేర్ల పట్టికలో మీరు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. పురుషులకు ‘సంచాలకులు’, ‘పరిశోధకులు’ అని గౌరవ బహువచనం రాసి, పక్కనే ఉన్న స్త్రీకి ‘పరిశోధకురాలు’ అని ఏకవచనం రాస్తే, మర్యాద ఒకరికి దక్కి మరొకరికి దక్కకుండా పోతుంది. ‘రాలు’తో ముగిసే మాటకు గౌరవ బహువచనం లేదు. ‘పరిశోధకురాండ్రు’ అంటే పలువురు స్త్రీలనే అర్థం వస్తుంది. ‘లు’తో ముగిసే రూపంలో స్త్రీపురుష భేదం లేదు. కనుక పట్టికలో అందరికీ ‘పరిశోధకులు’ అనే రాయండి. వ్యాసం మధ్యలో ‘ఈ నివేదిక రాసిన పరిశోధకురాలు’ అని రావచ్చు, అక్కడ పురుషుడైతే ‘పరిశోధకుడు’ అనే రాస్తారు గనుక ఎక్కువ తక్కువలు ఉండవు. దీని మీద నాకు పట్టింపు ఉంది. అక్షరాలా ఒకే ఉద్యోగం చేస్తున్న ఇద్దరి మధ్య ఒక ప్రత్యయం తేడా తేకూడదు.

‘సలహాదారుడు’లో ఉన్నది వేరే సమస్య. సలహా అనే మాటా, ‘దారు’ అనే ప్రత్యయమూ ఉర్దూ ద్వారా మనకు వచ్చినవి. జమీందారు, హవల్దారు, తహసీల్దారు అన్నట్లు ‘దారు’తోనే మాట పూర్తయింది. దాని మీద మళ్లీ ‘డు’ అక్కరలేదు. ప్రధాన ఆర్థిక సలహాదారు అంటే చాలు, స్త్రీకయినా పురుషుడికయినా అదే. మీ పట్టికలో ‘గౌరవ సలహాదారు’ అని రాసే పక్షంలో, జీతం తీసుకోకుండా ఆ పదవిలో ఉన్నవారనే భావం వస్తుందని గుర్తుంచుకోండి. కేవలం మర్యాద కోసం ‘గౌరవ’ చేర్చకండి. పరిశోధన సంస్థల్లో ఉండే ఫెలో అనే హోదాకు అనువాదం వెతకవద్దు. ఫెలో, సీనియర్ ఫెలో అనే రాయండి.

‘క్షేత్ర దర్యాప్తుదారులు’ అనే మాట నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. దర్యాప్తు అనగానే తెలుగువారికి పోలీసు స్టేషను గుర్తుకొస్తుంది. ‘ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్’ అనే ఇంగ్లీషు హోదాను నిఘంటువులో చూసి మాటకు మాట పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఈ ఉద్యోగులు నిజంగా చేసే పనేమిటో చూడండి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేపట్టిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో సెస్ భాగస్వామి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకుని, 2002 నుంచి కొన్నేళ్లకోసారి మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లి, వారి తిండి, చదువు, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితి నమోదు చేస్తూ వచ్చారు. ఒక ఇంటి గడపలో కూర్చుని, ఎన్ని ఎకరాలు సొంతం, ఎన్ని కౌలుకు, పోయిన వారం రోజుల్లో ఏమేమి వండుకున్నారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ నూటికి ఎంత అని నెమ్మదిగా అడిగి, జవాబు చెప్పేవారి నమ్మకం పోకుండా రాసుకుని వచ్చే మనిషి లేకపోతే, హైదరాబాదులో లెక్కలు కట్టే ఆర్థికవేత్త ముందు ఏ అంకెలూ ఉండవు. ఆ మనిషిని దర్యాప్తుదారు అంటే పని స్వభావమే మారిపోతుంది. వారు కూడా పరిశోధనలో భాగస్వాములే కాబట్టి ‘క్షేత్రస్థాయి పరిశోధకులు’ అనడం సమంజసం. క్షేత్రం అన్న ఒక్క మాటకు పుణ్యస్థలమనే అర్థం ముందుగా తడుతుంది గనుక ‘స్థాయి’ని వదలకండి. అంత బరువైన మాట వద్దనుకుంటే ‘సర్వే సిబ్బంది’ అనండి, ఊళ్లో జనం వారిని ‘సర్వేకు వచ్చినవాళ్లు’ అనే చెప్పుకుంటారు.

చివరికి సంస్థ పేరు. ‘పరిశోధనా సంస్థ’లోని దీర్ఘానికి ఆధారం లేదు. విద్యా సంస్థ, సేవా సంస్థ, పరీక్షా కేంద్రం, ప్రణాళికా సంఘం అనే చోట్ల దీర్ఘం సరైనది, ఎందుకంటే ఆ శబ్దాలు సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగాలు. పరిశోధనం నపుంసకలింగం, సమాసంలో ‘పరిశోధన’ అనే నిలుస్తుంది. పరిశోధనాలయం, పరిశోధనాత్మకం అనే మాటల్లో వినిపించే దీర్ఘం సవర్ణదీర్ఘ సంధి వల్ల వచ్చినది. దాన్ని చూసి తక్కిన చోట్లా పొడిగించడం అలవాటయింది.

‘విధాన’ శబ్దం దగ్గర కూడా కొంచెం ఆగాలి. హిందీలో ‘నీతి’ అనే మాటకు ప్రభుత్వం అనుసరించే విధానం (పాలసీ) అనే అర్థం ఉంది. సంస్కృతంలోనూ ఉంది, మనకు రాజనీతిలో మిగిలింది. కాని విడిగా వాడినప్పుడు తెలుగులో నీతి అంటే సదాచారమే గనుక, హిందీ ప్రతిని చూసి ‘ఆర్థిక నీతి’ అని రాయకూడదు. మనం ఎంచుకున్న విధానం అనే మాట పద్ధతికీ చెల్లుతుంది, ప్రభుత్వం అనుసరించే మార్గానికీ చెల్లుతుంది. ‘పరిశోధన విధానం’ అంటే పరిశోధన చేసే పద్ధతి, ‘విధాన పరిశోధన’ అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన. మాటల వరుస మారితే అర్థం మారే ఇటువంటి చోట నాలుగు సంస్కృత పదాలను విభక్తి లేకుండా గుదిగుచ్చడం కంటే తెలుగు షష్ఠిని వాడుకోవడం మంచిది. ‘ఆర్థిక విధానాల పరిశోధన సంస్థ’ అన్నప్పుడు ఆ ఒక్క ‘ల’తో సందిగ్ధం తీరిపోతుంది. అలాగే మీ సంస్థలోని వారిని ‘విధానకర్తలు’ అని ఎక్కడా రాయకండి. విధానాన్ని నిర్ణయించేది మంత్రివర్గం, శాసనసభ, రిజర్వు బ్యాంకు వంటివి. పరిశోధకులు దాని మంచిచెడ్డలను పరిశీలించి చెబుతారు. వారు స్వతంత్రంగా మాట్లాడగలగడానికి కారణమూ ఆ తేడాయే.

మీ శీర్షికను ‘మా ఆర్థిక విధానాల పరిశోధన సంస్థలోని పరిశోధకులు’ అని మార్చుకోండి. సలహాదారులు పరిశోధన చేసేవారు కాకపోతే, వారి పేర్లకు ‘సలహాదారులు’ అని వేరే శీర్షిక పెట్టండి.