మల్లి చెవి మీద మానని పుండు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా తెల్లపిల్లి మల్లికి పదకొండేళ్లు. ఎండ పొడ పడితే చాలు, డాబా పిట్టగోడ ఎక్కి పడుకుంటుంది. నాలుగు నెలలుగా కుడి చెవి కొసన పెచ్చు కడుతోంది, ఊడుతోంది, రక్తం కారుతోంది. పసుపు, వేపనూనె రాశాను, మానలేదు. మెడ మీద బొచ్చులో రెండు నల్లటి గరుకు మచ్చలు కూడా లేచాయి. ఇక్కడి డాక్టరు గారు పాపిల్లోమా వైరస్‌తో వచ్చే క్యాన్సర్ కావచ్చన్నారు. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేదీ ఇదేనట కదా? మా కోడలికి ఏడో నెల. పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమని ఇంట్లో పోరు. రెండేళ్ల కిందట మా బుజ్జి అనే పిల్లి నోటి క్యాన్సర్‌తో పోయింది. దాని నుంచే దీనికి అంటుకుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మల్లిని ఎవరికీ ఇవ్వకండి. ఈ మాట ముందు చెప్పాలనే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి మీది తీశాను.

పాపిల్లోమా వైరస్ అంటే ఒకటి కాదు, పెద్ద వంశం. మనుషుల్లోనే 200కు పైగా రకాలున్నాయి. వాటిలో 16, 18 రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణం. ఆ వైరస్‌లకూ ఆ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లుల వైరస్‌లు వేరు. అవి పిల్లుల్లోనే బతుకుతాయి. మల్లి పుండు వల్ల మీ కోడలికి గానీ, పుట్టబోయే బిడ్డకు గానీ క్యాన్సర్ రాదు. అయితే మల్లి దొడ్డికి వెళ్లే ఇసుకను మాత్రం ఆ అమ్మాయి ఎత్తకూడదు. అది టాక్సోప్లాస్మా అనే వేరే క్రిమి గురించి జాగ్రత్త. ఏ పిల్లి ఉన్న ఇంట్లోనైనా గర్భిణులు పాటించాల్సిందే.

మల్లికి ఇది బుజ్జి నుంచి వచ్చిందని బాధపడకండి. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే, ‘టైప్ 2’ అని పిలిచే పాపిల్లోమా వైరస్ పుట్టిన కొద్ది రోజుల్లోనే తల్లి దగ్గర నుంచి కూనలకు చేరుతుంది. ఆరోగ్యంగా తిరిగే పిల్లుల ఒంటి మీదా అది ఉంటుంది, చాలావాటిని జీవితాంతం ఏమీ చేయదు. ఏ కొన్నింటిలోనో, ముఖ్యంగా వయసు మీరాక, అది తిరగబడుతుంది. కణం అదుపు తప్పి పెరగకుండా పట్టి ఉంచే పగ్గం లాంటి ప్రోటీన్ ఒకటుంది. వైరస్ తయారుచేసే ఈ7 అనే పదార్థం ఆ పగ్గాన్ని తెంపేస్తుంది. అప్పుడు కణంలో పీ16 అనే మరో ప్రోటీన్ పేరుకుంటుంది. బయాప్సీ అంటే పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఆ ముక్కకు రంగు వేసి, వైరస్ పనేనా అని ల్యాబులో చూసేది ఈ పీ16నే. న్యూజిలాండ్‌లోని మాసీ యూనివర్సిటీలో జాన్ మండే అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి పిల్లుల్లో ఈ వైరస్ గురించే పరిశోధిస్తున్నారు.

మల్లి మెడ మీది మచ్చలు ఎండ తగలని చోట, బొచ్చు కింద వచ్చాయి. అక్కడ పుట్టే ఇలాంటి క్యాన్సర్లలో దాదాపు అన్నిటా వైరస్ జాడ దొరుకుతుంది. చెవి సంగతి వేరు. తెల్లపిల్లి చెవి కొసన బొచ్చు పలచన, చర్మంలో రంగు ఉండదు. అక్కడ వైరస్ ఉన్నా లేకపోయినా ఎండదే పెద్ద పాత్ర.

బుజ్జి నోటి క్యాన్సర్‌ను ఈ లెక్కలో కలపకండి. పిల్లుల నోటి క్యాన్సర్లలో పరిశోధకులు ఈ వైరస్ కోసం బాగానే వెతికారు, చాలావాటిలో దొరకనే లేదు. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే ముప్పు పెరగవచ్చని అమెరికాలో ఒక అధ్యయనం సూచించింది. పొగ బొచ్చు మీద వాలుతుంది, పిల్లి దాన్ని నాకుతుంది. ఆ జబ్బు నాలుక కిందో దవడలోనో దాక్కుని, జొల్లు, దుర్వాసన, కదిలే పన్నుగా బయటపడేసరికి చాలా ఆలస్యమవుతుంది. వైద్యం చేసినా ఎక్కువ పిల్లులు కొద్ది నెలలే బతుకుతాయి. బుజ్జి విషయంలో మీ తప్పు లేదమ్మా.

నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్ల గండుపిల్లి చెవి పుండును కొట్లాట గాయం అనుకుని రెండు నెలలు ఆయింట్‌మెంట్ రాయించాను. బయాప్సీ చేయించేసరికి ముక్కు మీదా మొదలైంది. ఆ పిల్లి ముఖం ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి, మూడు వారాల్లో మానని పుండు ఏదైనా సరే, ముక్క తీసి పంపుతున్నాను.

ఈ వారమే చెవికీ మెడకూ బయాప్సీ చేయించండి. చెవిది క్యాన్సరే అయితే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా ఆ భాగం తీసేస్తారు. ముందుగా పట్టుకుంటే చాలాసార్లు దానితోనే నయమవుతుంది, వినికిడీ పోదు. మెడ మచ్చలకు కోత గానీ, అతి చల్లదనంతో మచ్చను గడ్డకట్టించే చికిత్స గానీ, కొన్నిసార్లు ఇమిక్విమాడ్ క్రీము గానీ వాడతారు. మనుషుల చర్మానికి రాసే ఫ్లోరోయురాసిల్ క్రీమును మాత్రం దగ్గరికి రానివ్వకండి, అది పిల్లి ప్రాణం తీస్తుంది. నొప్పి అని పారాసిటమాల్ వేసినా అంతే. పసుపు, వేపనూనె ఆపేయండి. వేపనూనె నాకితే దానికి మంచిది కాదు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా డాబా తలుపు మూసి ఉంచండి.

రిపోర్టు రాగానే మెడ మచ్చల దగ్గర ‘ఇన్ సిటు’ అని ఉందేమో చూడండి. ఉంటే జబ్బు ఇంకా పైపొరలోనే ఉందని అర్థం. ఏ సంగతీ నాకు రాయండి.