గాలి పంపుకు ఆరు వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది రాజాం. తెర్లాం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. గత ఏడాది 2019 మోడల్ చిన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. స్కూలుకి, శ్రీకాకుళంలో అమ్మావాళ్లింటికి కలిపి నెలకు 800 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. ఒకసారి సాయంత్రం పిల్లలతో వస్తుంటే చిలకపాలెం రోడ్డులో టైరు మెత్తబడి చాలా టెన్షన్ పడ్డాను. అప్పటినుంచి చార్జింగ్‌తో నడిచే టైర్ ఇన్‌ఫ్లేటర్ (టైర్లకి గాలి నింపే చిన్న పంపు) కొనాలని చూస్తున్నాను. నాకు నచ్చినది 5,999 రూపాయలు. నో కాస్ట్ ఈఎంఐ ఉంది. పెట్రోలు బంకులో గాలి ఉచితమే కదా, దండగ అంటారు మావారు. పెట్రోలు ఆదా అయి డబ్బు తిరిగి వచ్చేస్తుందని ప్రకటనలో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కొనండి. కానీ ఆరు వేలది వద్దు, ఈఎంఐ మీద అసలే వద్దు. కొనేముందు మీ కారు టైర్లు ఒక్కసారి చూడండి.

పెట్రోలు ఆదా సంగతి లెక్క వేసి చూద్దాం. టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలుస్తారు. నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్ఐ గాలి తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం లెక్క. లీటరుకు 16 కిలోమీటర్లు వస్తుందనుకుంటే మీకు నెలకు 50 లీటర్లు పడుతుంది. లీటరు 110 చొప్పున 5,500 రూపాయలు. మీ టైర్లలో ఎప్పుడూ 5 పీఎస్ఐ తక్కువే ఉందనుకున్నా నష్టం ఒక శాతం. అంటే నెలకు 55, ఏడాదికి 660 రూపాయలు. ఆరు వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆ మెషిన్‌లో బ్యాటరీ బతకదు.

అసలు డబ్బు టైరులో ఉంది. గాలి తక్కువైన టైరు రెండు అంచుల దగ్గర తొందరగా అరుగుతుంది, లోపల వేడెక్కుతుంది. చిన్న కారుకి నాలుగు టైర్లు 16,000 అనుకుందాం. 40,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 40 పైసలు. గాలి పట్టించుకోక 32,000కే మార్చాల్సి వస్తే 50 పైసలు. ఆ పది పైసల తేడా మీ తిరుగుడుకి ఏడాదికి 960 రూపాయలు. పెట్రోలుతో కలిపితే 1,600 దాటుతుంది. రెండు వేల లోపు పంపు అయితే ఏడాదిన్నర లోపే గిట్టుబాటు. అదీ పంపు డిక్కీలో ఉన్నందుకు కాదు, నెలకు రెండుసార్లు బయటికి తీసి వాడినందుకు.

మీవారి మాటలో నిజం లేకపోలేదు. బంకులో గాలి ఉచితంగా పెట్టాలన్నది ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన నియమమే. మీ దారిలో గాలి మెషిన్ సరిగా పనిచేసే బంకు ఉండి, అక్కడ ఆగే అలవాటు మీకుంటే 300 రూపాయల ప్రెషర్ గేజ్ ఒక్కటీ చాలు. చిక్కు ఎక్కడంటే, గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. పదిహేను కిలోమీటర్లు నడిపి బంకుకి వెళ్లేసరికి టైరు వేడెక్కి ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ పెరిగి ఉంటుంది. మీ కారుకి 33 పీఎస్ఐ కావాలనుకోండి. అక్కడి కుర్రాడు ఎక్కువుందని గాలి తీసి 33 దగ్గర ఆపితే, మర్నాడు పొద్దున చల్లారాక 29, 30 ఉంటుంది. గాలి చెక్ చేయించామనే అనుకుంటాం, టైరు మాత్రం తక్కువ గాలితోనే తిరుగుతుంది. ఇంటి ముందు, కారు తీయకముందు చూసుకోగలగడమే ఇన్‌ఫ్లేటర్‌తో వచ్చే పెద్ద సౌకర్యం. ఎంత పెట్టాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్క గోడ మీద ఉండే అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది పెట్టకూడదు. ఇంటిల్లిపాదీ అరసవల్లికో పైడితల్లి అమ్మవారి సిరిమానుకో బయల్దేరే రోజున అదే స్టిక్కర్‌లో నిండు బరువుకి రాసిన అంకె చూడండి. స్టెప్నీలో గాలి కూడా అప్పుడే చూసేయండి.

ఇక ఏది కొనాలి? కారులో 12 వోల్టుల సాకెట్‌కి గుచ్చే వైరు రకం మీకు సరిపోతుంది. 1,500 నుంచి 2,500 మధ్య మంచివి వస్తాయి. చార్జింగ్ రకం చేతికి తేలికే, కాదనను. కానీ మన ఎండల్లో నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో లిథియం బ్యాటరీ ఏళ్ల తరబడి పడి ఉంటే బలం తగ్గిపోతుంది. ఇంట్లో పెడితే అవసరానికి కారులో ఉండదు. కారులో ఉన్నా చార్జింగ్ ఉందో లేదో రోడ్డు మీద నిలబడ్డాకే తెలుస్తుంది. మీరు భయపడింది సరిగ్గా అలాంటి సాయంత్రం గురించే కదా. వైరు రకానికి ఆ దిగులు లేదు, ఇంజిన్ ఆన్ చేస్తే చాలు. ఇంజిన్ నడుస్తూ పొగ వదులుతుంటుంది కాబట్టి మూసిన షెడ్డులో మాత్రం వాడకండి.

డబ్బా మీద 150 పీఎస్ఐ అని పెద్దగా రాసినది చూసి ఎక్కువ ధర పెట్టకండి. మీ కారుకి కావాల్సింది 33 దగ్గర. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది, పెట్టిన అంకె దగ్గర దానంతట అదే ఆగుతుందా, వైరు వెనక చక్రం దాకా అందుతుందా అన్నవి. వైరు, గొట్టం కలిపి నాలుగు మీటర్లుంటే ఇబ్బంది ఉండదు. చాలా కార్లలో ఆ సాకెట్ ఫ్యూజు 10 లేదా 15 యాంప్స్‌ది. అందుకని 120 వాట్లు దాటని మోడల్ తీసుకోండి, లేకపోతే ఫ్యూజు పోవచ్చు. మెషిన్ చూపే అంకెను మొదటిసారి విడి గేజ్‌తో సరిచూడండి. ఏడాది వారంటీ, జీఎస్‌టీ బిల్లు లేకపోతే వదిలేయండి.

(ఈ మధ్య కొత్త సీఎన్‌జీ, విద్యుత్ కారు కొన్నవాళ్లు ముందు డిక్కీ చూసుకోండి. మోటారు వాహన నిబంధనలకు 2020లో వచ్చిన సవరణ ప్రకారం టైరు ప్రెషర్ చూపే వ్యవస్థ, పంచర్ కిట్ ఉంటే కంపెనీ స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. ఆ కిట్‌లో చిన్న ఇన్‌ఫ్లేటర్ వచ్చే ఉండొచ్చు.)

నో కాస్ట్ ఈఎంఐలో ఖర్చు లేకపోలేదు. సున్నా వడ్డీ అన్నదే లేదని, వడ్డీని మరో రూపంలో రాబడతారని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకోండి, దానిమీద 18 శాతం జీఎస్‌టీతో 235 అవుతుంది. వడ్డీ భాగం మీద జీఎస్‌టీ వేరే. రెండు వేల వస్తువుని నెల జీతంలోంచి కొనేయొచ్చు.

మిగిలిన నాలుగు వేలు టైర్లకి దాచండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాలున్న వరస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. మీ కారు 2019ది కాబట్టి కంపెనీ టైర్లే ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అయిదేళ్లు దాటినవాటిని ఏటా తెలిసినవారికి చూపించాలని, పదేళ్లు మించి వాడొద్దని టైరు కంపెనీలే చెబుతాయి. పక్కన పగుళ్లున్నా, రోడ్డుకి ఆనే వైపు గాడి లోతు అరిగి 1.6 మిల్లీమీటర్లకి వచ్చినా పంపు మాట పక్కనబెట్టి ముందు టైర్లు మార్చండి. ఆ రోజు మెత్తబడిన టైరుని పంచర్ షాపులో విప్పించి చూపించారా? మేకు గుచ్చుకుని నెమ్మదిగా దిగితే పంపుతో గాలి నింపి షాపు దాకా వెళ్లొచ్చు. పక్క గోడ చిరిగితే ఏ పంపూ పనికిరాదు, స్టెప్నీయే దిక్కు.

ధర అడిగేటప్పుడు 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని గుర్తుంచుకోండి. నెలకు 500 చొప్పున విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ పెడితే ఈ నాలుగు వేలతో కలిసి రెండేళ్లలో నాలుగు టైర్ల ఖర్చు చేతిలో ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో టైరు ఒక్కటే పాడైతే ఏమీ రాదు. ప్రమాదంలో కారుతోపాటు పాడైతే సగం ఇస్తారు. రెన్యూవల్‌కి రోడ్ సైడ్ అసిస్టెన్స్ (దారిలో కారు ఆగిపోతే సాయానికి మనిషిని పంపే) యాడ్ ఆన్ ధర అడగండి. రెండు మూడు వందల్లో వస్తే తీసుకోండి, పిల్లలతో చీకటి పడ్డాక ప్రయాణం చేసే మీకు అది అవసరం. రాజాం, తెర్లాం వైపు మనిషిని పంపుతారో లేదో మాత్రం డబ్బు కట్టకముందే ఏజెంటుని అడిగి తేల్చుకోండి.